బ్యాక్ కవర్ తెరిచాకే బేరం
పాత చేతి గడియారాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయన దుబాయిల పని చేసి వచ్చిండు. అప్పట్ల తెచ్చుకున్న సీకో 5 ఆటోమేటిక్ అమ్ముతానంటున్నడు, ఏడు వేలు చెప్తున్నడు. వెనక 7009 అని, ఇంకేవో అంకెలు ఉన్నయి. కేసు బాగా అరిగింది గానీ డయల్ కొత్తదాని లెక్క మెరుస్తున్నది. అసలుదో కాదో ఎట్ల తెలుసుకోవాలె?
– ఒక పాఠకుడు, జగిత్యాల

మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది. నలభై ఏళ్లు చెమటలో, ఎండలో తిరిగి కేసు అరిగిపోయిన వాచీకి డయల్ ఒక్కటే నిన్న పెట్టెలోంచి తీసినట్టు ఉండదు. ఉంటే అది ఎక్కడో మళ్లీ పెయింట్ చేసి, అచ్చు వేయించిన డయల్ అయి ఉండొచ్చు. అయినా అనుమానంతోనే తీర్పు చెప్పకండి. వెనక నుంచి ముందుకు రండి.

సీకో వెనక మూత మీద రెండు వరుసల అంకెలుంటాయి. మధ్యలో అడ్డగీతతో ఉన్నది మోడల్ నంబరు. గీతకు ముందున్న 7009 లోపలి మిషన్ పేరు, గీత తర్వాతది కేసు పేరు. రెండో వరుస ఆరంకెల సీరియల్. దాంట్లో మొదటి అంకె తయారైన సంవత్సరపు ఆఖరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, అక్టోబరుకు ‘ఓ’, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’ అక్షరం. ఉదాహరణకు సీరియల్ 34తో మొదలైతే ఏదో ఒక పదేళ్లలో మూడో ఏడు, ఏప్రిల్ నెల. ఏ పదేళ్లో సీరియల్ చెప్పదు, మిషన్ చెబుతుంది. 7009 మిషన్ 1970ల రెండో సగంలో వచ్చింది కాబట్టి అది 1973 అయ్యే వీల్లేదు, 1983 అనుకోవచ్చు. ఇక పెద్దాయన్ని ‘ఏ సాల్ల పోయినవు కాకా, ఎప్పుడు వాపస్ వచ్చినవు’ అని మాటల్లో పెట్టి అడగండి. ఆయన తిరిగొచ్చిన తర్వాత పుట్టిన వాచీ ఆయన దుబాయిలో కొన్నది కాలేదు. ఆయన అబద్ధమాడుతున్నాడని కాదు, మధ్యలో ఏ రిపేరులోనో మూత మారి ఉంటుంది.

గల్ఫ్ నుంచి వచ్చిందన్న మాటకు ఇంకో సాక్ష్యం వాచీలోనే ఉంటుంది. కీని ఒక మెట్టు బయటికి లాగి తిప్పితే 3 గంటల దగ్గరున్న కిటికీలో ఒకవైపు తారీఖు, రెండోవైపు వారం మారతాయి. గల్ఫ్ మార్కెట్‌కు పోయిన సీకోల్లో వారం పేరు ఒకసారి ఇంగ్లీషులో, తర్వాత అరబిక్‌లో వస్తుంది. అరబిక్ కనబడితే ఆయన చెప్పిన కథకు బలం వచ్చినట్టే. ఒక జాగ్రత్త: ముళ్లు రాత్రి 9కీ తెల్లవారుజాము 3కీ నడుమ ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు. ఆ వేళ తారీఖు మార్చే పన్ను అప్పటికే చక్రాన్ని పట్టుకుని ఉంటుంది, మీరు చేత్తో తిప్పితే విరుగుతుంది. పగలా రాత్రా తెలియదు కాబట్టి ముందు ముళ్లను 6 దగ్గరికి తెచ్చుకోవడం మేలు.

ఇప్పుడు డయల్. పది రెట్ల భూతద్దం కావాలి, ఫోన్ కెమెరా జూమ్ సరిపోదు. 6 గంటల గుర్తుకు దిగువన, డయల్ అంచుకు ఆనుకుని వెంట్రుకంత సన్నటి అక్షరాల వరుస ఉంటుంది. అందులో 7009తో మొదలయ్యే డయల్ నంబరు ఉండాలి. మళ్లీ పెయింట్ చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆ వరుసను అసలు వేయరు, లేదంటే చదవరాకుండా మసక మసకగా వేస్తారు. చాలామంది పొరపడే చోటు కూడా ఇదే: డయల్ నంబరులో గీత తర్వాతి భాగం వెనక మూత మీది దానితో కలవకపోయినా తప్పు లేదు, ముందు నాలుగంకెలు కలిస్తే చాలు. తర్వాత అచ్చు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు అంచులు బ్లేడుతో కోసినట్టుంటాయి. చేతి పనిలో సిరా కొంచెం పారి అక్షరం లావెక్కుతుంది. నిమిషాల గీతలు గంటల పలకలకు సరిగ్గా నడుమకు రాకుండా పక్కకు జరుగుతాయి. నారింజ, ఆకాశ నీలం, దాని మీద రోమన్ అంకెలు వేసిన సీకో 5లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. వాచీ ప్రియులు వీటిని ‘ముంబై స్పెషల్’ అని వెటకరిస్తారు.

ఈ పరీక్షలన్నీ దాటితే అప్పుడు బ్యాక్ కవర్ తెరిపించండి. ఇలాంటి సీకోలకు సాధారణంగా మర మూత ఉంటుంది, గాట్లలో పట్టే పనిముట్టు కావాలి. చాకుతో, కటింగ్ ప్లయర్‌తో తిప్పితే మూతకు గీతలు పడి మీ చేతిలోనే ధర తగ్గుతుంది. ఏ వాచీ మెకానిక్ అయినా ఒక్క నిమిషంలో తెరుస్తాడు. లోపల రోటర్ (చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగు ఎక్కించే బరువు పలక) మీద 7009 ఏ, 17 జ్యువెల్స్ (ఇరుసులు ఆనే చిన్న రాళ్లు) అని ఉండాలి. డయల్ మీద 21 జ్యువెల్స్ అని ఉండి లోపల 17 కనబడితే ఆ రెండూ ఒక్క వాచీలో పుట్టలేదు. 21 జ్యువెల్స్ అంతకుముందు వచ్చిన 6119 లాంటి మిషన్లవి. మూత లోపలివైపు అర్ధచంద్రాకారంలో రాపిడి గీతలుంటే రోటర్ వదులైంది, బేరింగ్ అరిగింది. స్క్రూల తలలు చితికి ఉంటే చేతకానివాళ్లు ఎవరో ముందే వేలు పెట్టారు. కీ గొట్టం చుట్టూ ఎర్రటి తుప్పు కనిపిస్తే నీళ్లు పోయాయి, ఆ వాచీని వదిలేయడమే మంచిది. రబ్బరు వాషరు తారులా కరిగి అంటుకుపోయి ఉంటే మాత్రం కంగారు పడొద్దు, అది వయసు లక్షణం, చవకగా మారుతుంది.

వెనక మూత మాటల విషయం ఒకటి మరిచాం. సీకో 1970 ప్రాంతంలో ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట మానేసి ‘వాటర్ రెసిస్టెంట్’కు మారింది. 7009 మిషన్ మీద వాటర్‌ప్రూఫ్ అన్న మూత కనబడితే ఆ మూత వేరే వాచీది.

నడక పరీక్షకు ఒక రోజు గడువు అడగండి. 7009కు కీ తిప్పి స్ప్రింగు ఎక్కించే ఏర్పాటు లేదు, కాబట్టి ‘కీ ఇస్తే తిరగట్లేదు’ అని కంగారుపడొద్దు. అడ్డంగా పట్టుకుని ఓ ముప్పై సార్లు మెల్లగా ఊపి, రోజంతా చేతికి పెట్టుకుని, ఫోన్ టైముతో పోల్చండి. ఇరవై నాలుగు గంటల్లో అర నిమిషం తేడా ఈ వయసు వాచీకి చెడ్డ నడకేమీ కాదు. ఏడు వేలు అసలు డయల్ ఉన్న, సర్వీసింగ్ అయిన వాచీకి అడగదగ్గ ధర. డయల్ మళ్లీ వేసిందని తేలితే మేమైతే అందులో సగం దగ్గర మాట మొదలుపెడతాం.

ప్రశ్న: ఒక దుకాణంలో హెచ్‌ఎంటీ జనతా ‘ఫ్యాక్టరీ పాత స్టాకు, ఎవరూ వాడనిది’ అని 2,500 అడిగారు. చిలకపచ్చ డయల్, తళతళలాడే కేసు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

చిలకపచ్చ జనతా మీకు నచ్చితే తీసుకోండి, ముచ్చటగానే ఉంటుంది. పాత స్టాకు ధర మాత్రం ఇవ్వకండి.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతాలో ఉండేది ఆ సిటిజన్ వంశపు మిషనే, 17 జ్యువెల్స్, కీ ఇచ్చే రకం. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్ మూతకు ఆమోదం తెలిపింది. ఆ వార్తతో పాత హెచ్‌ఎంటీకి గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగితే సరుకు ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి రావాలి కదా! తుక్కులో పడ్డ వాచీల మిషన్లు తీసి, కొత్త కేసు, కొత్త డయల్, కొత్త ముళ్లు తగిలిస్తే ‘ఎవరూ వాడని పాత స్టాకు’ తయారు. ఇలా కూర్చిన వాచీ మోసం కాదు, కూర్చినదని చెప్పకపోవడం మోసం.

గుర్తుపట్టడం సీకో కంటే సులువు. అసలు జనతా నిరాడంబరమైన వాచీ. తెలుపు, మీగడ రంగు, నలుపు లాంటి డయల్, పొందికైన అంకెలు, కొన్నింటి మీద హిందీలో పేరు. గులాబీ, చిలకపచ్చ, రెండు రంగుల చక్రాలు చూడగానే డయల్ తర్వాత వేసిందనుకోండి. ముళ్ల పొడవు చూడండి: నిమిషాల ముల్లు కొన నిమిషాల గీతలను తాకేంత దూరం పోవాలి. పొట్టిగా నడుమే ఆగిపోతే అది వేరే వాచీ ముల్లు. వెనక మూత మీది అక్షరాలను గోటితో రాయండి. పాత మూతల మీద లోతుగా తగులుతాయి, కొత్త మూతల మీద అక్షరాలు పైపై గీసినట్టు నున్నగా ఉంటాయి.

చివరి పరీక్ష మూత తెరవడమే. బయట మచ్చ లేదు, లోపల మిషన్ మసకబారి, స్క్రూల తలలు చితికి, ఒక పలక తెల్లగా ఒక పలక పసుపుగా ఉంటే అది ‘ఎవరూ వాడనిది’ ఎలా అవుతుంది? పాత స్టాకు వాచీలో స్క్రూలకు స్క్రూడ్రైవరు ముద్ర కూడా ఉండదు. మూత తెరవనివ్వని దుకాణంలో బేరమే పెట్టుకోవద్దు.

ఇంకొక్క మాట. నిజంగా వాడని వాచీ అయినా సర్వీసింగ్ తప్పదు. ముప్పై ఏళ్లు బీరువాలో ఉన్నా నూనె ఎండి జిగురవుతుంది. మన వేసవి ఎండల్లో ఇంకా త్వరగా. సర్వీసింగ్ చేయించకుండా కీ ఇచ్చి నడిపితే ఇరుసు కొనలు అరుగుతాయి.

ప్రశ్న: నాకు బేరమాడటం రాదు. అడిగినంత ఇచ్చేసి ఇంటికొచ్చి తిట్లు తింటాను. వాచీ ధర తగ్గించమని ఎలా అడగాలి? అమ్మేది పెద్దవాళ్లయితే మరీ మొహమాటం.
– ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట

మొహమాటం ఉన్నవాళ్లకు నోటి బేరం కన్నా కాగితం బేరం సుఖం. ‘తగ్గించండి’ అనే మాట వాడకుండానే తగ్గించొచ్చు.

ముందు పైధర తెలుసుకోవాలి. ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ గ్రూపుల్లో కనిపించేది అమ్మేవాళ్ల ఆశ. అమ్ముడైన ధర వేరు. అదే మోడల్ మూడు నాలుగు వారాలు గమనిస్తే ఏ ధర దగ్గర ప్రకటన మాయమవుతుందో, ఏ ధర దగ్గర నెలల తరబడి అలాగే వేలాడుతుందో అర్థమవుతుంది. మాయమయ్యే ధరే మీ పైధర, అదీ అన్నీ సరిగ్గా ఉన్న వాచీకి.

అక్కడి నుంచి కిందికి దిగాలి. లెక్క చూపడానికి అంకెలు అనుకుందాం, మీ మెకానిక్ చెప్పిన రేట్లు మీరు వేసుకోండి. అన్నీ బాగున్న వాచీ 6,000కు పోతోంది. మీ ముందున్న దానికి సర్వీసింగ్ 1,200, అద్దం 400, కీ అసలుది కాదు, దొరికితే 500. మొత్తం 2,100. మిగిలింది 3,900. మెకానిక్ దగ్గరికి తిరిగే శ్రమకు, లోపల కనబడని దోషానికి ఇంకో 400 తీస్తే 3,500. ఇది మీ ఆఖరి అంకె. మొదటి అంకె 3,000 చెప్పండి. చిల్లర తేడాతో, అంటే 3,150 లాగా చెబితే ఇంకా మంచిది. గుండు అంకె నోటికొచ్చినట్టు చెప్పినట్టుంటుంది, చిల్లర అంకె వెనక లెక్క ఉందని తెలిసిపోతుంది.

పెద్దవాళ్లతో లోపాలు ఎంచకండి. ఆయన పెళ్లికో, రిటైర్మెంటుకో వచ్చిన వాచీ అది. ‘అద్దం పగిలింది, డయల్ మారింది’ అంటే మనసు కష్టపడుతుంది, ధర దగ్గర మంకుపట్టు పడతారు. ఇలా చెప్పొచ్చు: ‘వాచీ మస్తుంది తాతా. నేను దీన్ని పెట్టుకుని తిరగాలంటే సర్వీసింగ్‌కు ఇంత, అద్దానికి ఇంత అయితదని మెకానిక్ చెప్పిండు. ఆ పైసలు వోను నా దగ్గర ఇంత ఉన్నయి.’ చెప్పాక మౌనంగా ఉండండి. మొహమాటస్తులు ఓడేది ఆ అర నిమిషంలోనే, నిశ్శబ్దం భరించలేక వాళ్లే ధర పెంచేస్తారు.

దుకాణంలో అయితే తీరు వేరు. అక్కడ ధర తగ్గకపోతే సరుకు పెంచమనండి: సర్వీసింగ్ చేసి ఇమ్మనండి, మంచి పట్టీ వేయమనండి, మూడు నెలలు నడక పూచీ బిల్లు మీద రాయమనండి. ‘సర్వీసింగ్ అయింది’ అన్నవాళ్లను తారీఖు, మెకానిక్ ఎవరో అడగండి. మూత లోపల మెకానిక్‌లు సన్న అక్షరాలతో గీసే తారీఖు చాలా పాత వాచీల్లో కనిపిస్తుంది. అది లేకపోతే, మిషన్ మీద మురికి ఉంటే, సర్వీసింగ్ ఖర్చు మీ లెక్కలోంచి తీసేయకండి.

లోపాలన్నిటికీ ఒకే తూకం లేదు. అద్దం, పట్టీ, రబ్బరు వాషరు చిల్లర ఖర్చు. ప్లాస్టిక్ అద్దం మీద గీతలైతే పాలిష్ పేస్టుతో పోతాయి కూడా. కీ, ముళ్లు మధ్య రకం. డయల్, పదును పోయిన కేసు డబ్బుతో బాగయ్యేవి కావు. పట్టీ తగిలించే కేసు చెవుల అంచులు సబ్బు బిళ్లలా గుండ్రబడి ఉంటే ఎవరో మెరుపు కోసం చక్రం మీద అరగదీశారు, ఆ లోహం తిరిగి రాదు. వీటికి ఖర్చు తీసేసి ఊరుకోకండి, పైధరనే తగ్గించి లెక్క మళ్లీ మొదలుపెట్టండి.

డబ్బు యూపీఐలో పంపండి. మోడల్ నంబరు, సీరియల్, ‘మూత తెరిచాక చెప్పినదానికి తేడా ఉంటే మూడు రోజుల్లో వాపస్’ అన్న ఒక్క వాక్యం వాట్సాప్‌లో రాయించుకోండి. దొంగ సొత్తు చేతులు మారే వ్యాపారం ఇది. ఎవరి దగ్గర కొన్నారో చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: తాత పెట్టెలో ‘ఒమేగా’ దొరికింది. ఒకాయన వెంటనే 15,000 ఇస్తానంటున్నాడు. అద్దంలో గుర్తు లేదు కాబట్టి నకిలీ అంటూనే కొంటానంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

నకిలీ అయితే పదిహేను వేలు ఎందుకిస్తాడు? అమ్మకండి, ముందు తెరిపించండి. పాత ఒమేగా ప్లాస్టిక్ అద్దం నడుమ, భూతద్దానికి మాత్రమే కనబడేంత చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. అది లేకపోతే అద్దం మారిందనే అర్థం, వాచీ నకిలీ అని కాదు. తేల్చేది మిషన్. పలక మీద ఒమేగా పేరు, మిషన్ నంబరు, ఏడెనిమిదంకెల సీరియల్ చెక్కి ఉండాలి. 1950, 60ల మిషన్లు చాలావరకు రాగి రంగులో ఉంటాయి. మూత లోపల కూడా ఒమేగా పేరు, కేసు నంబరు ఉంటాయి. డయల్ మీద ఒమేగా, లోపల పేరు లేని మిషన్ ఉంటే అది నకిలీ. మిషన్ అసలుదై డయల్ ఒక్కటే మళ్లీ వేసింది కావడం మన దగ్గర మామూలే, అప్పుడు ధర బాగా పడుతుంది గానీ సున్నా కాదు. ఫొటోలు తీసి కనీసం ముగ్గురి దగ్గర ధర అడిగి అప్పుడు మాట్లాడండి. మెరవాలని ఇంట్లో తుడవడం, పాలిష్ పెట్టడం వద్దు.

ప్రశ్న: ‘రేడియం ముళ్లు’ ఉన్న పాత స్విస్ వాచీ చీకట్లో దీపంలా వెలుగుతోంది. ఇది అసలుదనడానికి గుర్తే కదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

తిరగబడిన గుర్తు. 1960ల ముందరి వాచీల్లో రేడియం వాడేవారు. రేడియం వేల ఏళ్లు ఉంటుంది గానీ దానితో కలిపిన వెలిగే పొడి పాడైపోతుంది, అందుకే ఆ వాచీలు ఇప్పుడు దాదాపు వెలగవు. తర్వాత వచ్చిన ట్రిటియం పన్నెండేళ్లకోసారి సగమవుతుంది. అలాంటి డయల్ అడుగున ‘స్విస్ మేడ్’కు అటూ ఇటూ ఇంగ్లీషు టీ అక్షరం ఉంటుంది. దీపంలా వెలుగుతోందంటే ఎవరో కొత్త పెయింట్ వేశారు. పాత రేడియం డయల్ అనిపిస్తే మాత్రం అద్దం తీసి గీకడం, ఆ పొడి ఊదడం చేయకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. మూసి ఉంచి మెకానిక్‌కు ముందే చెప్పండి.

ప్రశ్న: మా నాన్న ఆల్విన్ వాచీకి విలువ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

హైదరాబాద్ ఆల్విన్ 1981లో సీకో సాయంతో వాచీలు మొదలుపెట్టింది. మిషన్ మంచిదే. అమ్మితే పెద్దగా రాదు. మార్చని డయల్, అసలు కీ ఉంటే తెలంగాణ సేకరణదారులు ఇష్టపడతారు. సర్వీసింగ్ చేయించి మీరే పెట్టుకోండి.

ప్రశ్న: అన్నీ చూసి కొన్నాను. వారం బాగా నడిచి ఇప్పుడు గంటకు ఐదు నిమిషాలు ముందుకు పోతోంది. మోసపోయానా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

బహుశా లేదు. ఒక్కసారిగా అంత వేగం పెరిగితే మొదట అయస్కాంతాన్ని అనుమానించాలి. స్పీకరు, ఫోన్ కవరు మాగ్నెట్, బ్యాగు బటను, ఏదో ఒకదాని మీద వాచీ పెట్టి ఉంటారు. వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పని చేస్తుంది, అందుకే పరుగు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరికి తెచ్చి చూడండి, సూది గట్టిగా ఊగితే అదే. డీమాగ్నెటైజర్ (అయస్కాంత గుణం పోగొట్టే పరికరం) ఉన్న మెకానిక్ దగ్గర అర నిమిషం పని, మూత కూడా తెరవక్కర్లేదు. దిక్సూచి కదలకపోతే స్ప్రింగుకు నూనె అంటి ఉంటుంది, లేదా కింద పడి చుట్టు మెలిపడి ఉంటుంది. అప్పుడు విప్పక తప్పదు. మూడు రోజుల వాపస్ మాట రాయించుకుని ఉంటే ఆ గడువు ఎలాగూ దాటింది, అమ్మినాయనతో గొడవకు పోకుండా నేరుగా మెకానిక్ దగ్గరికే వెళ్లండి.